మఱుగుపడిన పేర్లు

నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒకానొక ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు గది గోడమీద ఇరువది పటములు వ్రేలాడుచుండెడివి. అవి లోకోపకారులైన శాస్త్రజ్ఞుల చిత్రములు, నూతన యంత్రములను నిర్మించినవారి చిత్రములు. ప్రతి సంవత్సరము దసరా సెలవులకు ముందు వానిని దింపించి, దుమ్ము తుడిపించి, మరల తగిలించుట నా యలవాటు. ఒక యేడు ఆ పని చేయుచున్న ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నన్ను చూచి, "మాస్టారూ, ఈ ఇరువదిమందిలో మేడమ్ క్యూరీ తప్ప మఱియొక ఆడమనిషి లేదేమండీ?" అని యడిగెను.

నేను వెంటనే, "ఆ కాలమున ఆడవారికి చదువులు లేవు గదా తల్లీ!" అని సమాధానము చెప్పితిని. ఆ బాలిక తల యూపి తన పని తాను చూచుకొనెను. నా మాట ఆమెకు తృప్తి కలిగించెనో లేదో నేను కనుగొనలేదు. కాని ఆ రాత్రి నాకే అది తృప్తి కలిగింపలేదు. చదువులు లేవన్న మాట సగము నిజము. తక్కిన సగము నేను ఎఱుగను. ఎఱుగనని చెప్పుటకు బదులు ఎఱిగినట్లు పలికితిని. ఉపాధ్యాయునకు ఇంతకంటె తగని పని లేదు. ఆ తక్కిన సగమును తరువాత కొంత చదివి తెలిసికొంటిని. దానిని మీకు చెప్పవలెనను కోరికతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

స్త్రీల పేర్లు శాస్త్రచరిత్రలో తక్కువగా కనబడుటకు రెండు కారణములు కలవు. మొదటిది, విద్యాలయముల తలుపులు వారికి చిరకాలము మూయబడి యుండుట. రెండవది, ఆ తలుపులను త్రోసికొని లోపలికి పోయి పనిచేసినవారి పేర్లను సయితము, పని పూర్తియైన పిమ్మట వ్రాయువారు విడిచిపెట్టుట. మొదటిదానిని మనము సులభముగా ఒప్పుకొందుము. అది మన పూర్వుల దోషమని సరిపెట్టుకొందుము. రెండవది నేటికిని జరుగవచ్చును. మన చేతిమీదుగానే జరుగవచ్చును. కావున దానినిగూర్చి మనము ఎక్కువగా ఆలోచింపవలెను.

మొదట మూయబడిన తలుపులను చూతము. 1933వ సంవత్సరమున కమలా భాగవత్ అను యువతి బొంబాయి విశ్వవిద్యాలయపు పట్టపరీక్షలో అగ్రస్థానము పొంది, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో పరిశోధన చేయుటకు దరఖాస్తు పెట్టెను. అప్పుడు ఆ సంస్థకు అధిపతి నోబెల్ బహుమానము పొందిన సర్ సి. వి. రామన్. స్త్రీయను కారణముచేత ఆయన ఆమెకు ప్రవేశము నిరాకరించెను. ఆమె ఊరకుండక స్వయముగా బెంగుళూరునకు పోయి పట్టుపట్టెను. తుదకు ఆయన ఆమెను ఒక యేడు పరీక్షార్థముగా చేర్చుకొనుటకు సమ్మతించెను. పని తనకు నచ్చినప్పుడే విద్యార్థినిగా గుర్తింతునని నియమము పెట్టెను. ఆ యేడు గడచునప్పటికి ఆమె పట్టుదలను, పనితనమును చూచి ఆయన తన యభిప్రాయమును మార్చుకొనెను. పిమ్మట ఇతర స్త్రీలకును ఆ సంస్థలో ప్రవేశము లభించెను.

ఆమె తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి పోయి, మొక్కల కణములయందు శ్వాసక్రియకు తోడ్పడు ఒక పదార్థమును కనుగొని, 1939లో డాక్టరు పట్టమును గైకొనెను. పిమ్మట స్వదేశమునకు వచ్చి, వివాహానంతరము కమలా సొహోనీ అను పేరు పొంది, పప్పుధాన్యములు, నీరా మొదలగు సామాన్యుల ఆహారపదార్థములలోని పోషకగుణములను పరిశోధించెను. రామన్ మహాశాస్త్రజ్ఞుడు. వెలుగు నీటిలోను గాజులోను ఎట్లు చెదరునో కనుగొన్న సూక్ష్మబుద్ధి ఆయనది. అంతటివాడును తన యెదుటనున్న ప్రతిభను మొదట చూడలేకపోయెను. పని కనులకు కట్టినప్పుడు మనసు మార్చుకొనుట ఆయనకు గౌరవమే. కాని ఆ తలుపు తట్టి, తీయువఱకు నిలువగల ఓపిక లేని కమలలు ఎందఱు వెనుదిరిగి పోయిరో ఎవరు లెక్కింతురు?

మఱియొక తలుపు మన తెలుగుబిడ్డ తెఱచినది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసునందలి ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. పదునైదవ యేట ఆమెకు వివాహమాయెను. పదునెనిమిదవ యేట భర్త గతించెను. అప్పటికి ఒడిలో నాలుగు నెలల ఆడుశిశువు. ఆ కాలమున అట్టి యువతి బ్రతుకు ఎట్లుండెడిదో మీ యింటి పెద్దల నడిగినచో చెప్పుదురు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమును బోధించు ఆచార్యుడు. కుమార్తె వంటయింటి మూలను కుమిలిపోవుట ఆయనకు సమ్మతము గాలేదు. ఆయన ప్రయత్నమువలన ఆమెకు ఆ కళాశాలలో ప్రవేశము లభించెను. వందలకొలది బాలుర నడుమ ఆమె విద్యుత్ ఇంజనీరింగు చదివెను. అక్కడనే పి. కె. థ్రేసియా, లీలమ్మ జార్జి అను మఱి యిద్దఱు యువతులు సివిల్ ఇంజనీరింగున చేరిరి.

1943లో లలిత చదువు పూర్తియాయెను. అప్పుడొక చిత్రము జరిగెను. పట్టపత్రములపై పట్టము పొందినవానిని పురుషునిగా చెప్పు ఆంగ్లపదమే అచ్చువేయబడి యుండెను. ఆ పదమును కలముతో కొట్టివేసి, దాని పైన స్త్రీవాచకమైన పదమును చేతితో వ్రాసి ఈయవలసివచ్చెను. ఆ పత్రమును అచ్చువేయించినవారు స్త్రీలను ద్వేషించినవారు కారు. ఒక స్త్రీ ఆ పత్రమును అందుకొనగలదను తలంపే వారికి తోచలేదు. ఆ లలిత తరువాత కలకత్తాలో ఇంజనీరుగా కుదిరి, విద్యుత్ ప్రసారమార్గములకు నమూనాలు గీచెను. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుదుత్పత్తి యంత్రములకు సంబంధించిన పనిలో పాల్గొనెను. 1964లో న్యూయార్కునందు జరిగిన స్త్రీ ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ మహాసభకు హాజరాయెను. భారతదేశమున విద్యుత్ ఇంజనీరింగు పట్టము పొందిన మొదటి స్త్రీ ఈమె. నా పాఠశాలలోని ఇరువది పటములలో ఈమె పటము లేదు. దీపము వెలిగించు మీట నొక్కునప్పుడు మనలో ఎందఱము ఈమెను తలచితిమి?

ఇక రెండవ కారణమునకు వత్తము. తలుపులు తెఱచుకొనిన పిమ్మటకూడ పేర్లు ఎట్లు జారిపోవునో తెలిపెడి చరిత్ర ఒకటి కలదు. లీజె మైట్నర్ 1878లో వియన్నా నగరమున జన్మించిన విదుషీమణి. భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, 1907లో బెర్లిను నగరమునకు పోయి, ఆటో హాన్ అను రసాయనశాస్త్రజ్ఞునితో కలసి పరిశోధన ప్రారంభించెను. ఆ పరిశోధనాలయములో స్త్రీలకు ప్రవేశము లేదు. నేలమాళిగలో పూర్వము వడ్రంగిపని జరిగిన గది యొకటి యుండగా, అక్కడ మాత్రము ఆమె పనిచేసికొనవచ్చునని సెలవిచ్చిరి. పై యంతస్తులలోనికి ఆమె పోరాదు. ఆమె ఆ గదిలోనే పని మొదలిడి, క్రమముగా ఐరోపాఖండమంతట పేరు గాంచెను. హాన్‌తో ఆమె కలసి పనిచేసిన కాలము ముప్పది సంవత్సరములు.

ఆమె యూదుల వంశమున జన్మించినది. హిట్లరు ప్రభుత్వపు క్రౌర్యమునకు వెఱచి 1938 జూలైలో ఆమె జర్మనీనుండి రహస్యముగా వెడలి, స్వీడను దేశమున తలదాచుకొనెను. ఆ యేటి డిసెంబరులో హాన్, ఆయన సహచరుడు స్ట్రాస్‌మన్ యురేనియమును న్యూట్రానులతో కొట్టగా, బేరియమను తేలికయైన మూలకము బయటపడెను. ఇది యెట్లు సంభవించెనో హాన్‌కు అంతుపట్టలేదు. ఆయన మైట్నర్‌కు లేఖ వ్రాసెను. ఆ క్రిస్మసు దినములలో ఆమెయు, ఆమె అక్కకుమారుడైన ఆటో ఫ్రిష్‌యు మంచులో నడచుచు ఆ విషయమును చర్చించిరి. త్రోవలో నొక చెట్టుమ్రానుపై గూర్చుండి కాగితపు ముక్కపై లెక్క వేసిరి. యురేనియపు కేంద్రకము నీటిబొట్టు సాగి రెండుగా చీలినట్లు చీలుచున్నదనియు, ఆ చీలికలో అపారమైన శక్తి వెలువడుననియు వారు కనుగొనిరి. అణుశక్తికి మూలమైన కేంద్రక విచ్ఛిత్తి రహస్యము ఇట్లు తెలియవచ్చెను. అయినను 1944వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము హాన్ ఒక్కనికే లభించెను. అణుబాంబు తయారీలో పాల్గొనుమని తనకు వచ్చిన ఆహ్వానమును మైట్నర్ తిరస్కరించినదని మీరు తెలిసికొనుట మంచిది. ఆమె 1968లో మరణించెను. 109వ మూలకమునకు మైట్నీరియము అను పేరు 1997లో స్థిరపడెను. నేలమాళిగలోని వడ్రంగిగదితో మొదలైన ఆమె పేరు మూలకముల పట్టికలోనికి చేరుటకు తొంబది యేండ్లు పట్టెను.

ఇప్పుడు మీకు మఱియొక స్త్రీనిగూర్చి చెప్పెదను. ఈమె కనుగొనిన సత్యము మన గ్రామములకు, మన గృహములకు మిక్కిలి యవసరమైనది. అమెరికా దేశమున 1861లో జన్మించిన నెట్టీ స్టీవెన్స్ నావలె బడిపంతులు. పిల్లలకు పాఠములు చెప్పి, జీతములో కొంత కొంత మిగిల్చి కూడబెట్టి, ముప్పదియైదవ యేట విశ్వవిద్యాలయమున విద్యార్థినిగా చేరెను. 1903లో డాక్టరు పట్టమును పొందెను. తరువాత ఆమె ధాన్యపుపిండిలో పుట్టెడి పురుగులను తీసికొని, వాని కణములను సూక్ష్మదర్శినిలో ఓపికతో పరిశీలించెను. ఆడుపురుగు కణములలో ఇరువది పెద్ద క్రోమోజోములు కనబడెను. మగపురుగు కణములలో పందొమ్మిది పెద్దవియు, ఒక చిన్నదియు కనబడెను. మగపురుగు బీజకణములలో సగము ఆ చిన్నదానిని, సగము దానికి జోడైన పెద్దదానిని మోయుచుండును. చిన్నది మోసికొనివచ్చిన బీజకణముచేత మగ సంతానము, పెద్దది మోసికొనివచ్చిన దానిచేత ఆడు సంతానము కలుగునని ఆమె 1905లో ప్రకటించెను.

మానవులయందును సూత్రమిదియే. శిశువు ఆడుదియగునో మగవాడగునో నిర్ణయించునది తండ్రి బీజకణము. ఇందు తల్లి చేయగలిగినది లేదు; తండ్రి కోరి చేయునదియు లేదు. కాని ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించిన గృహములను నేను నా యుద్యోగకాలమున ఎన్నింటినో చూచితిని. మూడవ కుమార్తె పుట్టినదని భార్యను పుట్టినింట విడిచిపెట్టిన వానిని చూచితిని. వాని పెద్దకుమార్తె మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచుండెను. ఆ పిల్ల ఒకదినము బడికి వచ్చి, "మాస్టారూ, మేము ఆడపిల్లలము పుట్టుట మా యమ్మ తప్పా?" అని యడిగినది. అప్పుడు నేను ఓదార్పుమాటలు నాలుగు చెప్పితినే గాని, "కాదు తల్లీ! నూఱేండ్ల క్రిందనే ఒక బడిపంతులమ్మ ఈ సంగతి తేల్చినది" అని చెప్పలేకపోతిని. నాకు ఆమె పేరు తెలియదు. పేరు తెలియకుండుట చిన్న లోపమనుకొనువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

స్టీవెన్స్ పేరు మఱుగుపడుటకు కారణమేమి? అదే కాలమున ఎడ్మండ్ విల్సన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడును వేఱుగా పరిశోధించి ఇట్టి ఫలితమునే పొందెను. ఆయన పెద్ద విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. పాఠ్యగ్రంథములు వ్రాసినవారు చాలకాలము ఆయన పేరే వ్రాసిరి. స్టీవెన్స్ 1912లో ఏబదియేండ్ల వయస్సున వ్యాధిచే మరణించెను. తన పక్షమున మాటలాడుటకు ఆమె లేదు. మాటలాడవలసిన మఱియొకరు మాటలాడలేదు. పేర్లు మఱుగుపడుటకు కుట్ర యవసరము లేదు. ఒక పుస్తకమున విడిచినదానిని చూచి మఱియొక పుస్తకమున విడుతురు, అదియే చాలును.

తన పక్షమున తానే మాటలాడి గెలిచిన స్త్రీయు ఒకతె కలదు. అడుగు చదునుగా నుండి, సరకులు పోసినచో నిటారుగా నిలువగల కాగితపు సంచిని మీరు చూచియుందురు. అట్టి సంచిని మడచి అంటించు యంత్రమును కల్పించినది మార్గరెట్ నైట్ అను అమెరికా స్త్రీ. ఆమె 1838లో పేద కుటుంబమున జన్మించి, బాల్యముననే నూలుమిల్లులో కూలిపని చేసెను. తరువాత కాగితపు సంచుల కర్మాగారమున పనికి కుదిరి, చేతితో జరుగుచున్న మడతపనిని యంత్రముచే చేయింపవచ్చునని గ్రహించి, మొదట కొయ్యతో నమూనా చేసెను. దానిని ఇనుముతో పోతపోయించుటకు ఒక కార్ఖానాకు ఇచ్చినప్పుడు, అక్కడ దానిని చూచిన చార్లెస్ అన్నన్ అనునతడు అది తన కల్పనయే యని చెప్పి హక్కుపత్రము సంపాదించెను. సొమ్మొకరిది, సోకొకరిది యను మన సామెత ఇట్టివారినిగూర్చియే పుట్టియుండును.

నైట్ ఇంటిలో గూర్చుండి యేడ్వలేదు. వ్యాజ్యము వేసెను. తాను గీచిన చిత్రములను, దినదినము వ్రాసికొనిన పుస్తకములను, పని చేయుచుండగా చూచినవారి సాక్ష్యమును న్యాయాధికారుల యెదుట నుంచెను. ఆమె పక్షమున తీర్పు వచ్చెను. 1871లో హక్కుపత్రము ఆమె పేర వెలువడెను. విద్యార్థులారా! దీనినుండి మీరు నేర్వదగినది ఒకటి కలదు. మీరు చేసిన పనిని ఏ దినమున ఏమి చేసితిరో వ్రాసి దాచికొనుడు. సత్యమునకు సాక్ష్యము తోడైనప్పుడు దానిని త్రోసివేయుట కష్టము.

తనకు రాని కీర్తిని మఱియొక విధముగా జయించిన స్త్రీ జోసిలిన్ బెల్. ఉత్తర ఐర్లండున 1943లో జన్మించిన ఈమె కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థినిగా నున్నప్పుడు, తోటివారితో కలసి స్తంభములు పాతి, తీగలు కట్టి ఒక రేడియో దూరదర్శినిని నిర్మించెను. ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగముల గీతలు దినమునకు ముప్పది మీటర్ల పొడవైన కాగితముపై నమోదగుచుండెడివి. ఆ గీతలన్నిటిని కంటితో చదువుట ఆమె పని. 1967లో ఆ గీతల నడుమ అంగుళము మించని చిన్న గజిబిజి ఆమె కంట బడెను. పొరపాటున వచ్చినదని విడిచిపెట్టవచ్చును. ఆమె విడువలేదు. దానినే వెంబడించి చూడగా, సెకనున్నరలోపు విరామముతో, గడియారమువలె క్రమము తప్పక వచ్చుచున్న స్పందనములని తెలిసెను. అవి అతివేగముగా తిరుగు నక్షత్రములనుండి వచ్చినవి. వానికి పల్సారులని పేరు వచ్చెను. 1974లో ఈ యావిష్కరణకుగాను నోబెల్ బహుమానము ఆమె గురువైన ఆంటొనీ హ్యూయిష్‌నకు, పొరుగు పరిశోధనకుగాను మార్టిన్ రైల్‌నకు కలిపి ఇచ్చిరి. ఆమెకు భాగము లేదు. చాలకాలమునకు, 2018లో, ఆమెకు ముప్పది లక్షల డాలర్ల బహుమానము వేఱొకటి లభించెను. ఆ ధనమంతయు ఆమె, భౌతికశాస్త్ర పరిశోధనలో తగిన చోటు దొరకని వర్గముల విద్యార్థులకు వేతనములిచ్చుటకై దానము చేసెను.

ఇంతవఱకు ఇతరుల లోపములను చెప్పితిని. ఇప్పుడు నా లోపమును చెప్పుకొందును. నేను తెలుగు పండితుడను. ముప్పది సంవత్సరములు తరగతి గదిలో నిలిచి, "తెలుగున మొదటి కథానిక 1910లో గురజాడ అప్పారావుగారు వ్రాసిన దిద్దుబాటు" అని చెప్పితిని. పరీక్షలలో అదే ప్రశ్న యిచ్చితిని. అట్లు వ్రాసినవారికి మార్కు వేసితిని. భండారు అచ్చమాంబగారి పేరు ఒక్కనాడును పలుకలేదు.

అచ్చమాంబ 1874లో కృష్ణా మండలమున జన్మించెను. పసితనముననే వివాహమాయెను. బడి చదువు లేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయనవద్ద అక్షరములు దిద్దుకొని, తెలుగు, హిందీ, మరాఠీ మొదలగు భాషలు నేర్చుకొనెను. కన్నబిడ్డలను పోగొట్టుకొనిన దుఃఖమున మునిగియుండియు ఆమె కలము విడువలేదు. స్త్రీలకు బుద్ధి తక్కువయని లోకులు పలుకు మాట తప్పని నిరూపింపగోరి, మన దేశచరిత్రలోని ధీరస్త్రీల, విద్యావతుల చరిత్రములను వెదకి వెదకి కూర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' యను గ్రంథమును రచించెను. దాని మొదటి భాగము 1901లో వెలువడెను. 1902లో ఆమె వ్రాసిన 'ధనత్రయోదశి' యను కథ 'హిందూసుందరి' పత్రికలో అచ్చుపడెను. దిద్దుబాటు కంటె ఎనిమిదేండ్లు ముందు! 1905లో, ముప్పదియొక్క యేండ్లయినను నిండకమునుపే ఆమె కన్నుమూసెను. మఱుగుపడిన స్త్రీలను వెలికి తెచ్చుటకు ప్రాణము పెట్టిన యామెయే చాలకాలము మఱుగుపడి యుండెను. పరిశోధకులు పాతపత్రికలను తిరుగవేసి ఆమె కథలను మరల అచ్చువేయించువఱకు మాబోటి పండితులము మేలుకొనలేదు.

ఏది నిజమైన మొదటి కథానిక యను విషయమున విమర్శకులలో నేటికిని భేదాభిప్రాయములు కలవు. కథానికకు ఉండవలసిన లక్షణములన్నియు మొదట దిద్దుబాటునందే కుదిరినవని కొందఱందురు. ఆ చర్చ జరుగవలసినదే. దానివలన గురజాడవారి గొప్పతనమునకు వచ్చు లోటు లేదు. కాని చర్చ జరుగవలెనన్నచో మొదట ఆమె పేరు తెలియవలెను గదా! పేరే చెప్పక, వాదము వినక, తీర్పు చెప్పితిని. నా యెదుట గూర్చుండిన వేలకొలది బాలికలకు తమవంటి యొక తెలుగు స్త్రీ ఆ దారిలో ముందు నడచినదని తెలిసికొను భాగ్యము నా మూలమున తప్పిపోయెను.

ఇట్లు చెప్పగా ఒక మిత్రుడు నాతో, "పేరుదేమున్నదండీ? పని జరిగినది, లోకమునకు మేలు కలిగినది. ఫలము కోరక పనిచేయుటయే గొప్ప యని మన పెద్దలు చెప్పలేదా?" అనెను. ఈ మాట వినుటకు ఇంపుగానే యుండును. కాని ఇది ఎవరు ఎవరితో చెప్పవలసిన మాట? పేరు నాకు వలదని పనిచేసినవారు అనుకొనిన, అది వారి ఔదార్యము. ఫలమనుభవించుచున్న మనము, వారి పేరు మాకెందుకని యనుట కృతఘ్నత. తాతలు త్రవ్వించిన చెఱువునకు వారి పేరు చెప్పుకొందుము. తండ్రి నాటిన చెట్టును తండ్రి చెట్టందుము. అప్పు తీర్చలేకపోయినను అప్పు ఇచ్చినవాని పేరు మఱచుట తగదు.

అదియునుగాక, పేరు గతించినవారికంటె రాబోవువారికే ఎక్కువ యవసరము. అడవిలో దారి తెలియనివానికి ముందు నడచినవాని అడుగుజాడ ధైర్యమునిచ్చును. ఇరువది పటములలో తనవంటివారు ఒక్కరే కనబడినప్పుడు, "ఈ పని నావంటిదానికి తగినది కాదేమో" యని బాలిక తలంచును. "ఈ పని ఆడవారిది గాదు" అని ఆమె ప్రక్కన నిలిచిన బాలుడును తలంచును. ఇద్దఱును తప్పే నేర్చుకొందురు. రేపు ఆ బాలుడే ఒక సంస్థకు అధిపతియై, తలుపు తట్టిన కమలను వెనుకకు పంపును.

అయితే మీకొక హెచ్చరిక చేయవలసియున్నది. ఒకరికి న్యాయము చేయబోయి మఱియొకరికి అన్యాయము చేయరాదు. హాన్ చేసిన ప్రయోగము గొప్పది. విల్సన్ తన ఫలితమును స్వయముగా సాధించినాడు. హ్యూయిష్ ఆలోచన లేనిదే ఆ దూరదర్శిని లేదు. వీరి పేర్లు కొట్టివేసి స్త్రీల పేర్లు వ్రాయుమని నేను చెప్పుటలేదు. లేని గొప్పలను కల్పించి స్త్రీల కంటగట్టుటయు మేలు గాదు. అది ఒకనాడు బయటపడి, ఉన్న గౌరవమునుకూడ చెఱచును. ఎవరు ఏ పని చేసిరో అంతయు, అంతమాత్రమే వ్రాయవలెను. సత్యమునకు అంతకుమించిన సేవ లేదు.

బాలబాలికలారా! మీరు చేయదగిన పనులు సులభమైనవి. పాఠములో ఒక యావిష్కరణనుగూర్చి చదివినప్పుడు, "ఈ పనిలో ఇంకెవరు పాల్గొనిరి?" అని ఉపాధ్యాయుని అడుగుడు. ఆయనకు తెలియకున్న ఇద్దఱును కలసి గ్రంథాలయమున వెదకుడు. మీ యూరిలో మొదట బడికి పోయిన ఆడపిల్ల ఎవరో, మొదట ప్రసూతి వైద్యము నేర్చి వచ్చినదెవరో, విత్తనము చెడకుండ దాచు ఉపాయము మీ యింట ఎవరు కనిపెట్టిరో ముసలివారిని అడిగి వ్రాసికొనుడు. తరగతిలో నలుగురు కలసి ఒక నమూనా చేసినప్పుడు, నలుగురి పేర్లును దానిపై వ్రాయుడు. ప్రదర్శనమున మాటలాడువాడు బాలుడు, రాత్రి మేలుకొని అట్టలు కత్తిరించినది బాలిక అయిన యెడల, ఆ సంగతి చెప్పుటకు సిగ్గుపడకుడు. న్యాయము ఇట్టి చిన్న పనులలోనే అలవడును.

పదవీవిరమణకు ముందు నేను ఆ గోడమీద మఱి నాలుగు పటములు తగిలించితిని: లలిత, కమలా సొహోనీ, నెట్టీ స్టీవెన్స్, లీజె మైట్నర్. తెలుగు తరగతి గోడమీద గురజాడవారి ప్రక్కన అచ్చమాంబగారి పేరు వ్రాయించితిని. నన్ను ప్రశ్నించిన బాలిక అప్పటికి చదువు ముగించుకొని ఎచ్చటికో పోయెను. ఆమెకు నేను బాకీపడిన సమాధానము ఇదియే. ఆ పటముల ప్రక్కన గోడమీద ఇంకను చాల చోటు మిగిలియున్నది. దానిని నింపుట మీ వంతు.